ఇడియాప్పం అమ్ముతూ ఉద్యోగం నేర్పడం: చెన్నైలో శరణార్థి యువత కోసం వంటగది పెట్టేవారికి

నేర్చుకోవడానికి వచ్చిన ఆరుగురూ రేపు పొద్దున్న రాలేదనుకోండి. ఆర్డర్లు సమయానికి వెళతాయా? వెళ్లవు అంటే మీరు నడిపేది శిక్షణ వంటగది కాదు, తక్కువ జీతానికి మనుషులు దొరికిన మామూలు వంటగది. ఆర్డరు మీద ఆర్డరు పడుతుంటే నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. ఉల్లిపాయలు బాగా తరిగే అమ్మాయి మూడు నెలలూ ఉల్లిపాయలే తరుగుతుంది. అందుకే మొదటి సూత్రం: జీతం తీసుకునే ఇద్దరు వంటవాళ్లు, నేర్పే మనిషి ఒకరు, నేర్చుకునేవాళ్లు ఆరుగురు. ఆ ముగ్గురే రోజువారీ ఆర్డరు మోయగలగాలి. మోయలేకపోతే ఆర్డరు తగ్గించండి, నేర్చుకునేవాళ్లని పెంచకండి.

ఈ వివరాలు గుమ్మిడిపూండి, పుళల్ క్యాంపుల్లోని శ్రీలంక తమిళ కుటుంబాల యువతని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మయన్మార్ నుంచి వచ్చి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు మీద ఉంటున్నవాళ్ల సంగతి వేరు. ఆ కార్డు ఒక్కటే పని చేసే హక్కు ఇవ్వదు కాబట్టి వాళ్ల విషయంలో ముందు లాయరు సలహా తీసుకోండి.

కాగితాలు

1983 నుంచి వచ్చిన కుటుంబాలివి. ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే పుట్టారు. అయినా 1987 జూలై 1 తర్వాత పుట్టినవారికి పుట్టుక ఒక్కదానితో పౌరసత్వం రాదు, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2019 నాటి పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక లేదు. అంటే ప్రభుత్వోద్యోగం లేదు, భారత పాస్‌పోర్టు లేదు కాబట్టి గల్ఫ్ హోటల్ ఉద్యోగం ఆశ కూడా పెట్టకూడదు. మిగిలింది ప్రైవేటు పని. 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త విదేశీయుల చట్టం కింద, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకి పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంతో శిక్ష పడకుండా మినహాయింపు ఉంది. యజమానులు అడిగే మొదటి ప్రశ్న "పోలీసు గొడవ ఉంటుందా" అన్నదే. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి ఎప్పుడూ మీ ఫైల్లో ఉంచండి, ఎందుకో తర్వాత చెబుతాం.

క్యాంపులోకి బయటివాళ్లు ఊరికే వెళ్లి పిల్లల్ని పోగుచెయ్యకూడదు, అనుమతి కావాలి. చేపాక్‌లోని ఎళిలగంలో పునరావాస కమిషనరేటు ఉంది. అక్కడ ఉత్తరం ఇచ్చి, క్యాంపు బాధ్యత చూసే రెవెన్యూ అధికారికి కాపీ అందజేయండి. ఉత్తరంలో వంటగది చిరునామా, పని గంటలు, ఇచ్చే డబ్బు, ఎంతమందిని తీసుకుంటారు అన్నవి మాత్రం రాయండి. ఆశయాల గురించి రెండు పేజీలు రాస్తే ఫైలు కింద పడిపోతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి: క్యాంపుల్లో హాజరు చూసే రోజులుంటాయి. ఆ రోజు మనిషి కనబడకపోతే కుటుంబానికి వచ్చే నెలసరి సాయానికే ఎసరు రావచ్చు. 2021లో పెంచిన తర్వాత ఆ సాయం కుటుంబ పెద్దకి నెలకి 1,500 రూపాయలు, మిగతా పెద్దవాళ్లకి 1,000, పిల్లలకి 500. మీకది చిన్న మొత్తంగా అనిపించవచ్చు, ఆ ఇంట్లో అది బియ్యం, కరెంటు. నెల మొదట్లోనే హాజరు తేదీలు అడిగి గోడమీద క్యాలెండర్లో ఎర్ర రంగు వెయ్యండి. ఆ రోజులకి సెలవు, జీతంతో. రాత్రి క్యాంపు బయట ఉండాలన్నా అనుమతి కావాలి కాబట్టి పెళ్లి క్యాటరింగు ఆర్డర్లకి వీళ్లని రాత్రి ఉంచకండి.

సంస్థ మీ పేరున, లేదా పౌరులైన ట్రస్టీల పేరున ఉండాలి. విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవాలనుకుంటే లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ సుఖం. దానికి ఆదాయపన్ను శాఖలో 12ఏ, 80జీ అని పిలిచే నమోదులతో పాటు కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు ఉంటేనే కంపెనీలు డబ్బిస్తాయి. విదేశాల్లో ఉన్న బంధువులు, స్నేహితులు అక్కడి పౌరులైపోయి ఉంటే వాళ్ల విరాళం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు.

ఎక్కడ పెట్టాలి

క్యాంపు లోపల పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. వద్దు. ఆ స్థలానికి ఆహార భద్రత లైసెన్సుకి కావలసిన కాగితాలు చూపించలేరు, నీళ్లు చాలవు, అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలు గేటు దాటి పనికి వెళ్లే అలవాటు రాదు. నుంగంబాక్కంలోనో మైలాపూరులోనో పెడితే గుమ్మిడిపూండి నుంచి రాకపోకలకే మూడు నాలుగు గంటలు పోతాయి. లోకల్ రైలు దారిలో పొన్నేరి, మీంజూరు, తిరువొత్తియూరు చుట్టుపక్కల, స్టేషన్ నుంచి పది నిమిషాల నడక లోపు చూడండి. అద్దె తక్కువ, అటు సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీలు, ఇటు నగరం, రెండూ అందుతాయి. ఈ దారిలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ కాబట్టి పనివాళ్లతో, కిరాణా కొట్లతో మీకూ ఇబ్బంది ఉండదు. పుళల్ పిల్లలకి ఈ చోట్లు బస్సు దారి. వాళ్ల బ్యాచ్ వేరుగా వేసుకోవడం మంచిది.

ఆడపిల్లలు వస్తే గడియ ఉన్న మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది తప్పనిసరి. పొద్దున్న 6:30 నుంచి మధ్యాహ్నం 2:30 వరకు పెడితే సాయంత్రానికి ఇల్లు చేరతారు.

సామాన్లలో ఖర్చు తగ్గించుకోగలిగినవీ, తగ్గించకూడనివీ ఉన్నాయి. గిన్నెలు, బల్లలు పాతవి కొనండి. పదిలీటర్ల టిల్టింగ్ గ్రైండరు, మాంసం, చేపలకి వేరే ఫ్రిజ్, పొగ లాగే ఎగ్జాస్ట్, నూనె మంటలకి పనికొచ్చే అగ్నిమాపక సిలిండరు, గుచ్చి చూసే థర్మామీటర్లు రెండు మాత్రం కొత్తవే. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి, ఇంటి సిలిండరు పెడితే కేసు.

ఏం వండాలి

రెండు జాబితాలు వేసుకోండి. అమ్మడానికి ఒకటి, నేర్పడానికి ఒకటి. అమ్మేది ఈలం వంట, అంటే శ్రీలంక తమిళుల వంట: ఇడియాప్పం (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి దారాలు), సొది (కొబ్బరిపాల పులుసు), కొబ్బరి సంబల్ (పచ్చడి), పిట్టు, వేయించిన కారప్పొడి. ఇది నగరంలో సులువుగా దొరకదు, ఇంటి రుచి పిల్లలకీ తెలుసు. కానీ వాళ్లని రేపు తీసుకోబోయే హాస్టల్ మెస్, ఫ్యాక్టరీ క్యాంటీన్, క్యాటరింగు కాంట్రాక్టరు అడిగేది ఇడ్లీ పిండి, సాంబారు, పొంగల్, కలుపు అన్నాలు, చపాతీ. ఈలం వంట ఒక్కటే నేర్పితే మీ దగ్గర తప్ప ఎక్కడా పనికిరారు. అమ్మకం ఎలా ఉన్నా రోజుకి రెండు గంటలు రెండో జాబితాకి.

ఇడియాప్పం కొలతలు. కిలో వేయించిన బియ్యప్పిండికి 12 గ్రాముల ఉప్పు, లీటరు 300 నుంచి లీటరు 500 మిల్లీలీటర్ల వరకు నీళ్లు. పిండి పాతదైనకొద్దీ నీళ్లు ఎక్కువ తాగుతుంది, అందుకే కొత్త బస్తా విప్పినప్పుడు 100 గ్రాములతో ముందు కలిపి చూడాలి. నీళ్లు తెర్లుతూ ఉండగానే పొయ్యాలి. ఒక నిమిషం ఆలస్యమైతే చాలు, పిండి జిగి పట్టక దారాలు తెగిపోతాయి. గరిటె కాడతో కలిపి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక మర్దించి, వేడి తగ్గకముందే గొట్టంలో వెయ్యాలి. ఆవిరి మీద 7, 8 నిమిషాలు. ఎక్కువ ఉంచితే అంచులు గట్టిపడతాయి. కిలోకి 60 దాకా వస్తాయి. పొయ్యి మీంచి దించగానే డబ్బాలో పెట్టి మూతేస్తే చెమట పట్టి ముద్దైపోతాయి, కనీసం 5 నిమిషాలు వెదురు తట్ట మీద ఆరాలి. రోజుకి 600 దాటితే చేతి గొట్టంతో భుజాలు పట్టేస్తాయి, ఉత్పత్తికి యంత్రం పెట్టి, నేర్పడానికి మాత్రం జంతికల గొట్టమే వాడండి. పిండి పదును చేతికి తెలియాలంటే అదొక్కటే దారి.

సొదిలో అందరూ చేసే తప్పు ఒకటే. నాలుగు లీటర్లకి 5 కొబ్బరికాయలు: చిక్కటి మొదటి పాలు లీటరు వేరుగా, పల్చటి రెండో పాలు రెండున్నర లీటర్లు. ఉల్లిపాయలు 300 గ్రాములు, పచ్చిమిర్చి 12, మెంతులు రెండు చెంచాలు, పసుపు, కరివేపాకు రెండో పాలలోనే ఉడకాలి. మొదటి పాలు చివర్లో పోసి, అంచుల్లో బుడగ కనబడగానే దించెయ్యాలి. తెర్లితే విరుగుతుంది. నిమ్మరసం దించాక, చల్లారాక కాదు, సెగ తగ్గాక. చెన్నై ఎండలో కొబ్బరిపాలు ఆగవు. 60 డిగ్రీల పైన వేడిగా ఉంచగలిగితే సరే, లేకపోతే రెండు గంటల్లో ప్లేటు ఎక్కాలి. మధ్యాహ్నానికి మిగిలింది పారబొయ్యడమే. మరిగించి సాయంత్రం అమ్మడం అనే ఆలోచన వంటగదిలో ఎవరి నోటా రాకూడదు.

అమ్మకాలు పడిపోయే నెలల్లో కారప్పొడి మిమ్మల్ని నిలబెడుతుంది. ఎండుమిరప, ధనియాలు చెరో అరకిలో, సోంపు 125 గ్రాములు, మిరియాలు 100, జీలకర్ర 50, మెంతులు 50, కరివేపాకు నాలుగు గుప్పిళ్లు. దేనికది విడిగా వేయించాలి. మెంతులు చివర్లో, మంట తగ్గించి, ఎందుకంటే అవి నల్లబడితే మొత్తం పొడి చేదెక్కుతుంది. ఆరకముందు పట్టిస్తే ఆవిరి లోపలే ఉండి నెలలో బూజు. ప్యాకెట్ మీద 14 అంకెల లైసెన్సు నంబరు, పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, గరిష్ఠ ధర, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, శాకాహారం గుర్తు, అన్నీ ఉండాలి.

శుభ్రత

వంటగదిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా. ఖర్చు మీదే. ఆహార భద్రతా సంస్థ ఫోస్టాక్ శిక్షణ సర్టిఫికెట్ నేర్పే మనిషికి మాత్రమే కాక ఆరుగురికీ ఇప్పించండి. 25 మంది పనివాళ్లకి ఒకరు ఆ శిక్షణ పొంది ఉండాలన్నది నియమం కాబట్టి, సర్టిఫికెట్ చేతిలో ఉన్న కుర్రాడంటే చిన్న హోటలు యజమానికి అవసరమైన మనిషే.

విరేచనాలు, వాంతులు ఉన్నవాళ్లు తగ్గిన తర్వాత ఇంకో 48 గంటలు రాకూడదు. ఆ రోజులకి జీతం కోసేరంటే జబ్బు దాచి వస్తారు. వేపుడు నూనెలో పోలార్ సమ్మేళనాలు (నూనె పాడయ్యేకొద్దీ పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి నియమం. వేపుళ్లు చేసే రోజున నూనె రంగు, వాసన చూసి ఊరుకోకుండా పరీక్ష పట్టీతో చూడటం అలవాటు చేయించండి.

డబ్బు లెక్క

ఒక ప్లేటు: ఐదు ఇడియాప్పాలు 6 రూపాయలు, 150 మిల్లీలీటర్ల సొది 9, సంబల్ 5, గ్యాసు 3, ప్యాకింగు 8. మొత్తం 31. నేరుగా 70కి అమ్మితే 39 మిగులుతుంది. డెలివరీ యాప్ పావు వంతు కోసుకుంటే మిగిలేది 21 రూపాయల 50 పైసలే, అందుకే ఫ్యాక్టరీ క్యాంటీన్లు, ఆఫీసుల నెలవారీ ఆర్డర్లు ముందు పట్టండి. రోజుకి 120 ప్లేట్లు, నెలకి 25 రోజులు అంటే 1,17,000. ఇద్దరు వంటవాళ్లకి 44 వేలు, నేర్పే మనిషికి 28, అద్దె 20, కరెంటు, నీళ్లు 8. లక్ష. మిగిలింది 17 వేలు.

ఆరుగురికి నెలకి 14 వేల చొప్పున 84 వేలు. అంటే నెలకి 67 వేలు తక్కువ. కొబ్బరికాయ ధర మారితే ఈ అంకెలూ మారతాయి, లోటు మాత్రం ఎక్కడికీ పోదు. చక్కగా నడిచే వంటగది తన ఖర్చు తాను మోస్తుంది, శిక్షణ ఖర్చు మొయ్యలేదు. మోస్తుందని నమ్మినవాళ్లు చివరికి శిక్షణే కోసేస్తారు. మూడు నెలల బ్యాచ్‌కి రెండు లక్షల చిల్లర, మనిషికి 33,500. దాతని అడగాల్సింది ఈ అంకె. అమ్మకాల ఖాతా, విరాళాల ఖాతా వేర్వేరు బ్యాంకు ఖాతాల్లో ఉంచండి.

స్టైపెండు పేరుతో మూడు వేలు చేతిలో పెట్టడం తప్పు. వాళ్లు చేసింది అమ్ముతున్నారు కదా, హోటళ్ల విభాగానికి రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకండి. పనివాళ్లు పదిమందికి చేరగానే ఈఎస్ఐ సంగతి కూడా చూసుకోండి. ఇంకోటి, నెలాఖరు జీతం ఇక్కడ పనిచెయ్యదు. క్యాంపు కుర్రాళ్లలో చాలామంది ఇళ్లకి పెయింటింగు పనికి వెళతారు, సాయంత్రానికి కూలి చేతికొస్తుంది. మీరు 30 రోజులు ఆగమంటే రెండో వారంలోనే బ్రష్షు పట్టుకుంటారు. అది బద్ధకం కాదు, ఇంట్లో అప్పు. ప్రతి శనివారం బ్యాంకు ఖాతాలో వెయ్యండి. ఖాతాలో పడిన జీతం తర్వాత యజమానికి చూపించే రుజువు కూడా.

పన్నెండు వారాలు

మొదటి రెండు వారాలు కత్తి, శుభ్రత, తూకం. మూడు నుంచి ఐదు వరకు ఒక్కో పొయ్యి దగ్గర వారం చొప్పున. ఆరో వారం నుంచి ఒకరి తర్వాత ఒకరు సరుకు రాసుకోవడం, బిల్లు, ఫోన్‌లో ఆర్డరు తీసుకోవడం. డిగ్రీ, డిప్లొమా చదివి ఉద్యోగం దొరకనివాళ్లు మీ దగ్గరికి వస్తారు. వాళ్లని గిన్నెల దగ్గరే ఉంచితే అవమానంగా తీసుకుని మానేస్తారు. కొనుగోలు, నిల్వ లెక్క, ఆహార భద్రత రికార్డులు వాళ్లకి అప్పజెప్పండి, స్టోర్ కీపర్ ఉద్యోగాలకి అదే దారి. తొమ్మిదో వారం తర్వాత వారానికి మూడు రోజులు వేరే వంటగదిలో పని. మీ మంచితనానికి అలవాటు పడినవాళ్లు బయట వంటమాస్టరు కేకలకి మొదటి రోజే బెదిరిపోతారు, అది మీ కళ్ల ముందు జరగడం మేలు.

భాష గురించి. ఈలం తమిళంలో చిన్నవాళ్లని కూడా "వాంగో, ఇరుంగో" అని గౌరవంగా పిలుస్తారు. మన వంటశాలల్లో "ఒరేయ్", "డేయ్" ఊతపదాలు. మీకు చనువుగా తోచేది వాళ్లకి చెంపదెబ్బ. మీ వంటవాళ్లకి ముందే చెప్పండి: పేరు పెట్టి పిలవాలి, లేదా తమ్ముడూ, చెల్లెమ్మా అనాలి. కొన్ని మాటలు కూడా వేరు. వాళ్ల ఇళ్లలో "పాణ్" అంటే బ్రెడ్డు, "మరక్కఱి" అంటే కూరగాయలు. మీ వంటవాళ్లు తెలుగు కలిపిన తమిళం మాట్లాడితే మరీ గందరగోళం. సరుకుల పేర్లు తమిళం, తెలుగు, ఇంగ్లీషులో రాసి స్టోరు తలుపుకి అంటించండి.

అమ్మేటప్పుడు వాళ్ల కథ అమ్మకండి. డబ్బా మీద ఫొటో, "శరణార్థి చేతివంట" అన్న మాట వద్దు. జాలితో కొన్నవాళ్లు నెల దాటి కొనరు, ఆ ఫొటోలో ఉన్న పిల్లకి పదేళ్లు ఆ ముద్ర పోదు. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు బర్మా బజారు పక్కన అత్తో (బర్మా నూడుల్స్) బళ్లు పెట్టుకున్నాయి. ఆ బండి ముందు నిలబడేవాళ్లు నూడుల్స్ మీద వేసే కరకరలాడే బేజో కోసం నిలబడతారు, చరిత్ర కోసం కాదు. సంబల్ బాగుందని మళ్లీ వచ్చే మనిషి కావాలి మీకు.

బయటికి పంపడం

అన్నిటికన్నా పెద్ద తప్పు మీరే చేస్తారు. ఆరుగురిలో చురుకైనవాళ్లని మీ దగ్గరే ఉంచేసుకుంటారు. ఆర్డర్లు బాగా వెళతాయి, రెండో బ్యాచ్‌కి చోటుండదు. 12 వారాలు, అవసరమైతే ఇంకో మూడు నెలలు, అంతకు మించి ఎవరినీ ఉంచకూడదని మొదటి రోజే రాసుకోండి.

యజమానుల్ని ఏడో వారంలోనే వంటగదికి పిలిచి భోజనం పెట్టండి. మెస్‌లు, ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టర్లు, క్లౌడ్ కిచెన్లు. పెద్ద హోటళ్ల ఆఫీసులో కాగితం చూసేవాళ్లే ఎక్కువ, చిన్న యజమాని చేతి పని చూసి తీసుకుంటాడు. ప్రతి ఒక్కరికీ ఒక పల్చటి ఫైలు ఇవ్వండి: శరణార్థి గుర్తింపు కార్డు, ఉంటే ఆధార్, ఫోస్టాక్ సర్టిఫికెట్, వైద్య పరీక్ష, 12 వారాల హాజరు పట్టిక, ముందు చెప్పిన మినహాయింపు ఉత్తర్వు కాపీ, క్యాంపు హాజరు రోజుల సంగతి వివరిస్తూ మీ సంతకంతో ఒక పేజీ, కింద మీ ఫోన్ నంబరు. హాజరు రోజుల సంగతి దాచిపెట్టి చేర్పిస్తే మొదటి నెలలోనే "చెప్పకుండా మానేశాడు" అని తీసేస్తారు.

చేరిన మొదటి వారంలో ఒకసారి వెళ్లి చూడండి. 30వ రోజు, 90వ రోజు ఫోన్ చేసి యజమానితో, పనిలో చేరిన మనిషితో విడివిడిగా మాట్లాడండి. పిల్లల్ని "ఎలా ఉంది" అని అడగకండి, బాగుందనే అంటారు. జీతం ఏ తారీఖున పడింది, ఎంత పడింది, తిరుగు రైలు దొరుకుతోందా, నిన్న ఏం వండావు అని అడగండి. నిన్న కూడా గిన్నెలే కడిగానంటే యజమానితో మాట్లాడాల్సిన రోజు అదే. పని పోయినవాళ్లు రెండు వారాలు జీతంతో మీ వంటగదికి తిరిగి రావచ్చని ముందే మాటివ్వండి, ఆ రెండు వారాల డబ్బు పైన చెప్పిన 33,500కి అదనంగా పక్కన పెట్టుకోండి.